క్షమాపణ పెట్టె

ఒళ్ళో పెట్టె ఉంది. పెట్టె కింద మోకాళ్ళు రెండూ చెప్పిన మాట వినడం లేదు, రైలు కదిలిన దగ్గర్నించీ ఆడుతూనే ఉన్నాయి. తొమ్మిదీ పదికి నకత్సుగవాలో ఎక్కాను. పదకొండింటికి నగోయాలో, ఆ పెద్ద దుకాణం తొమ్మిదో అంతస్తులో, మేనేజరు కుజుయా గారి ముందు నిలబడి నడుం దగ్గర్నించి వంగాలి, ఆయన సరేననేదాకా లేవకూడదు, పెట్టె రెండు చేతులా అందించాలి, నావల్ల తప్పు జరిగింది మన్నించండి అనాలి. అంటే మా మిఠాయిల ఆర్డరు నిలుస్తుంది. అనకపోతే పోతుంది, పోతే జనవరి దాకా సాగాల్సిన చెస్ట్‌నట్ పని నవంబరుతో ఆఖరు, గుజ్జు తీసే మా పన్నెండుమంది ఆడవాళ్ళం ఇళ్ళకి. ఇంతే సంగతి. ఇందులో బుర్ర పాడు చేసుకోవడానికేముంది, వంగడమే కదా, కొత్తా ఏమన్నానా, మా ఊళ్ళో పుట్టినవాడు నడక కంటే ముందు వంగడం నేరుస్తాడు, బస్సు దిగేటప్పుడు డ్రైవరుకి వంగుతాం, పక్కింటావిడ చెత్తబుట్టకి అడ్డొస్తే వంగుతాం, చీకట్లో గోడకి గుద్దుకుంటే గోడకే వంగుతాం. మరి ఈ నడుం ఈ ఒక్కడి దగ్గరే ఇనప కడ్డీ ఎందుకైంది. నిన్న మా పనివాళ్ళలో చిన్నది కొజుయె బతిమాలుతూ అంది, "అక్కా, తల వంచితే అరిగిపోతుందా ఏంటి, మళ్ళీ పైకొస్తుందిగా." వస్తుందే తల్లీ, వస్తుంది. నేను ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా, వంగిన తల ప్రతిసారీ కాస్త తక్కువ ఎత్తుకే వస్తుంది.

కిటికీలో వరి కోసేసిన పొలాలు, మొదళ్ళు మాత్రం గీతలు గీసినట్టు. వెనక ఎనా కొండ. అక్టోబరు ఎండ పెట్టె మీద పడుతోంది, పడకూడదు, వెచ్చబడితే పాడవుతుంది, పెట్టెని నీడలోకి జరిపాను, అప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండింది, వాడికిచ్చేదాన్ని చంటిపిల్లలా కాపాడుతున్నానేమిటి. అసలు ఈ పెట్టె మీదే పొద్దున గొడవ. మా యజమాని హొరిబె గారు యోకాన్ పట్టుకెళ్ళమన్నాడు. చెస్ట్‌నట్ ముక్కలేసి గడ్డకట్టించిన నల్లటి హల్వా అది, ఇటుకంత ఉంటుంది, ఇటుకంత బరువూ ఉంటుంది. "చూడమ్మా షిగెనో, క్షమాపణకి బరువుండాలి. చేతిలో పెట్టగానే అవతలివాడి చెయ్యి కిందికి దిగాలి. మన మనసెంత బరువెక్కిందో అప్పుడు తెలుస్తుంది ఆయనకి" అన్నాడు. అవునండీ, మనసు బరువూ పెట్టె బరువూ ఒకటేనండీ అని తలూపే రకం కాదు నేను. "అయ్యా, యోకాన్ మీరు మిషన్లో పోస్తారు. మొయ్యాల్సింది నేనైతే మేం చేత్తో తీసిందే మోస్తా" అన్నాను, కురికింతోన్ పెట్టె తీసుకున్నాను. ఆరు ముద్దలు, ఈ పొద్దుటివే. ఉడికిన చెస్ట్‌నట్ గుజ్జు, చక్కెర, ఇంకేం లేదు, తడిగుడ్డలో పెట్టి మెలితిప్పితే గుడ్డ ముడతలు పైన నిలిచిపోతాయి, చిన్న మూటలా. దూది ఎత్తినట్టుంటుంది పెట్టె. హొరిబె గారి మొహం మాడింది. "పండగకి పట్టుకెళ్ళేది పట్టుకెళ్తోందిరా నాయనా తప్పొప్పుకోడానికి" అని గోడకి చెప్పుకున్నాడు. ఆ మాట నిజమే. ఇది తింటే ఎవడికైనా సంతోషం వేస్తుంది, అదే దీంతో చిక్కు.

కుజుయా గారికి నేను చేసిన ద్రోహం ఏంటంటే నోరు తెరిచాను. పోయిన నెల ఆయన దుకాణంలో శరత్కాలపు రుచులు అని ఓ సంత పెట్టారు, మా షాపుకి ఓ మూల అద్దాల గది కట్టారు, అందులో నన్ను కూచోబెట్టారు, నీలం రంగు పాతకాలపు బట్టలు, తలకి గుడ్డ, పైన బోర్డు, "అమ్మ చేతి గుజ్జు". నాకు పిల్లల్లేరు. సరే పోనీ. ఉడికిన కాయని రెండుగా కోసి చెంచాతో లోపలిది గీకి తీయడం, అదీ నా పని, చూసేవాళ్ళకి బొమ్మలాట. మొదటి గంట బాగానే ఉంది. తర్వాత కుజుయా గారొచ్చి అద్దం తలుపు కొంచెం తీసి తెల్ల చేతితొడుగులు లోపలికి పెట్టాడు. "ఏమనుకోకండి, వేళ్ళు కొంచెం... ఫోటోల్లో నల్లగా పడుతున్నాయి" అన్నాడు. చెస్ట్‌నట్ తొక్క కర అది, సెప్టెంబరులో ఎక్కితే మార్చి దాకా పోదు, సబ్బేసి తోమినా నిమ్మకాయ రుద్దినా పోదు, నల్లగా పడక గులాబీలా పడుతుందా. తొడుగులేసుకుని కాయ పట్టుకుంటే జారుతుంది, జారితే చెంచా చేతిలో దిగుతుంది. ఆ మాటే చెప్పాను. "ఒక్క మధ్యాహ్నమే కదా, సర్దుకోండి" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వే. వాళ్ళు పెట్టిన మైకు నా మెళ్ళో ఉంది, కాయల గురించి తియ్యగా రెండు ముక్కలు చెప్పమని. చెప్పాను. ఈ సీజన్లో రోజుకి ఎన్ని గంటలు నిలబడి గీకుతామో చెప్పాను, ఆవిరికి మొహాలు ఎలా కమిలిపోతాయో చెప్పాను, చల్లారితే గుజ్జు రాదు కాబట్టి కాలుతుండగానే పట్టుకుంటాం అని చెప్పాను, తొడుగులు పైకెత్తి చూపించాను. ఇక్కడిదాకా నాకు నిద్ర పాడు చేసే మాట ఒక్కటీ లేదు. దాని తర్వాత చెప్పింది ఉంది. దాని జోలికి ఇప్పుడు పోను, వంగాల్సిన పని ముందుంది, దాన్ని చూసుకుంటా.

ఎనా స్టేషన్లో చాలామంది ఎక్కారు. ఓ ముసలావిడ, ఎనభై దాటి ఉంటుంది, చేతికర్ర, వీపున చిన్న సంచి, బండి అంతా చూసి చూసి నా పక్కనే కూలబడింది. కూచున్న కాసేపటికి నల్ల కోటు చూసింది, నల్ల పావడా చూసింది, ఒళ్ళో పెట్టె చూసింది, పెట్టె మీద బిగిసిన చేతులు చూసింది.

"చావుకా, తప్పొప్పుకోడానికా?" అంది.

"తప్పొప్పుకోడానికే, మామ్మగారూ."

"అనుకున్నా. చావుకెళ్ళేవాళ్ళు ఇంకాస్త నిమ్మళంగా ఉంటారు." పెట్టె మీది కాయితం చదివింది. "కురికింతోనా! పిచ్చిపిల్లా, యోకాన్ కదా పట్టుకెళ్ళాలి. ఇది ఇస్తే శుభవార్త చెప్పడానికొచ్చావనుకుంటారు."

నాకు యాభైఆరేళ్ళు, ఎవరో పిచ్చిపిల్లా అనేసరికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పాటు ఆకలి కూడా వచ్చింది. పొద్దున్నించీ ఏమీ తినలేదు, మింగుడుపడలేదు. ఈ కురికింతోన్ నేను ఎన్ని తిన్నాను జీవితంలో అని లెక్కేసుకుంటే అప్పటికి తట్టింది, నిండుగా, తాజాగా ఒక్కటీ తినలేదు. షాపులో తినకూడదు. పగిలినవి ఏడాది చివర్లో పంచితే ఇంటికి తెచ్చేదాన్ని, తేగానే మా అత్తగారు దేవుడి గూట్లో పోయినవాళ్ళ ముందు పెట్టేది, మామగారికి ఇష్టం అనేది, ఆయనకి ఇష్టమో కాదో ఆయన బతికుండగా ఎవరూ అడగలేదు, రెండ్రోజులు అక్కడే ఉండేది, మూడోరోజు దింపేసరికి ఎండి ఇసకలా రాలేది, అప్పుడు మేం తినేవాళ్ళం. పోయినవాళ్ళు తాజావి తిన్నారు, బతికున్నవాళ్ళం రజను తిన్నాం. అత్తగారు పోయాక మా ఆయన అదే చేశాడు. ఆయన పోయాక నేనూ అదే చేస్తున్నా, సిగ్గు లేకుండా, ఒంటరి ఇంట్లో, ఎవరూ చూడకపోయినా. ఎవరికో అమ్మడానికి ముప్ఫై ఏళ్ళు, ఎవరి ముందో పెట్టడానికి ముప్ఫై ఏళ్ళు. నా వేళ్ళకి ఈ పెట్టె ముడి విప్పడం నేను చెప్పలేదు, వాటంతటవే విప్పాయి.

"ఏయ్, ఏయ్, ఏం చేస్తున్నావ్!" అంది ముసలావిడ, కానీ ఆపలేదు, ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

మూత తీశాను. వాసన. ఈ వాసన నాకు వాంతి తెప్పించేది, అక్టోబరు సగం దాటాక రాత్రి దుప్పట్లో కూడా అదే, జుట్టులో అదే, అలాంటిది ఈ రైల్లో, కాళ్ళు చాపుకుని కూచుని, ఎవరో మొదటిసారి పరిచయం చేసినట్టు వచ్చింది, తడి ఆకులు, కొలిమి, కొంచెం పాలు. ఒకటి తీసుకుని సగం కొరికాను. ముందేమీ లేదు, మెత్తగా పొడిగా నాలిక్కి అంటుకుంది, తర్వాత మెల్లగా కరగడం మొదలెట్టింది, తీపి ముందు రాలేదు, కాయ ముందొచ్చింది, కాయ వెనకాల నక్కినట్టుగా తీపి. నోరు మూసుకుని ఉండాలి దీన్ని తినేటప్పుడు, తెరిస్తే పోతుంది. నోరు మూసుకుని ఉండటం నాకు ఇంత బాగుండటం ఇదే మొదలు. మోకాళ్ళు ఆగాయి. ఆగినట్టు ఒక్క క్షణం తర్వాత తెలిసింది. ఎంత బాగుంది, దీన్ని ఇన్నేళ్ళూ శత్రువులా చూశానే, దీని తప్పేముంది, ఇదేమన్నా చేతితొడుగులు వేసుకోమందా. మిగతా సగం నోట్లో పెట్టుకుని, పెట్టె ముసలావిడ వైపు జరిపాను.

"అయ్యో, అది వేరేవాళ్ళదమ్మా" అంటూనే తీసుకుంది. చెయ్యి ముందొచ్చింది, మాట వెనకొచ్చింది. చిన్న చిన్న ముక్కలుగా తుంచి తింది, కళ్ళు మూసుకుంది, రైలు తకెనామిలో ఆగి మళ్ళీ కదిలింది, ఆవిడ ఇంకా తింటూనే ఉంది. నేను చేసింది ఒకరు తింటుంటే ఇంత దగ్గర్నించి చూడటం కూడా ఇదే మొదలు. మేం వెనక గదిలో, తినేవాళ్ళు ముందు గదిలో, మధ్యలో తెర.

"బాగుంది" అంది చివరికి. అని, కాస్త ఆగి, నాలిక పై దవడకి రాసి చూసుకుంది. "బాగుంది గానీ, మీ షాపుది ఏటా తింటాను నేను, మా కోడలు తెస్తుంది. మధ్యమధ్య పలుకు తగిలేది. బియ్యపు నూకంత. పంటికింద అలా తగిలి విడిపోయేది. ఈసారి మరీ నునుపు. మిషన్ పెట్టారా?"

"లేదు" అన్నాను.

లేదు. మిషన్ లేదు. నోట్లో ఉన్నదాన్ని నేనూ నాలికతో వెతికాను. నునుపు. ఆకలి మీద గుర్తుపట్టలేదు. పలుకు లేదు. పలుకు మిత్సుయెది. పన్నెండుమందిలో అలా తీసేది తనొక్కతే, తన కుడిచెయ్యి చూపుడువేలు తిన్నగా రాదు, నాలుగేళ్ళయింది బిగిసిపోయి, చెంచాని బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య ఇరికించి గీకుతుంది, గుజ్జు మాలా మెత్తగా రాదు, పలుకులు పలుకులుగా వస్తుంది, అది మా అందరి గుజ్జులో కలిసి కుండలో పడుతుంది, ముద్దకి నాలుగైదు పలుకులు. షాపుకొచ్చేవాళ్ళు అది మా షాపు రహస్యం అనుకుంటారు. హొరిబె గారికి కూడా ఎందుకలా వస్తుందో తెలీదు. ఎందుకంటే వేలు సంగతి మిత్సుయె ఇంట్లోనూ తెలీదు, షాపులోనూ తెలీదు, బల్ల దగ్గర పక్కన నిలబడే నాకు తెలుసు, ఇరవై ఆరేళ్ళు పక్కపక్కన నిలబడ్డాం, నాకు చూపించి, "చెప్పావంటే చంపేస్తా" అంది నవ్వుతూ. అదీ ఆ అద్దాల గదిలో నేను చెప్పింది. మైకులో. "నా పక్కన మిత్సుయె అని ఉంది, దాని వేలు ఇలా వంకరపోయింది, అయినా గీకుతోంది, మీరు తినేది ఆ వేలు తీసిందే" అన్నాను, వేలు ఎలా వంగిందో నా వేలు వంచి చూపించాను, జనం కదిలిపోయారు, ఒకావిడ కళ్ళు తుడుచుకుంది, ఎవరో ఫోన్లో తీశారు, నా గుండె ఉప్పొంగిపోయింది, అబద్ధం ఎందుకు, ఉప్పొంగింది. కుజుయా గారి మొహం తెల్లబడటం చూసి ఇంకా ఉప్పొంగింది. ఆ వీడియో మూడ్రోజుల్లో మిత్సుయె కోడలు చూసింది, నాలుగో రోజుకి హొరిబె గారు చూశాడు.

హొరిబె గారు ఏమీ అరవలేదు. "పాపం, ఇన్నాళ్ళు చెప్పలేదేంటి మిత్సుయె గారూ" అన్నాడు, ఎంతో తియ్యగా, తీసుకెళ్ళి ముందు గదిలో కుర్చీ వేసి పెట్టెలు మడిచే పని ఇచ్చాడు. కూచునే పని, ఆవిరి లేదు, కాలడం లేదు. ఇంకేం కావాలి అంటారు వినేవాళ్ళు. వెనక గదిలో అంత మొండి మనిషి, అంత బూతులు మాట్లాడే మనిషి, అక్కడ అద్దాల తలుపు పక్కన తలొంచుకుని అట్టలు మడుస్తోంది, వచ్చేపోయేవాళ్ళు దాని వేలు చూసి, "ఈవిడే కదా" అనుకుంటున్నారు, ఒకావిడ అయితే చెయ్యి పట్టుకుని ఫోటో దిగుతానందట. తొమ్మిది రోజులైంది నాతో మాట్లాడక. ఒకే బస్సులో వస్తాం, అది ముందు సీట్లో కూచుంటుంది, నేనెక్కగానే కిటికీ వైపు తిరుగుతుంది. నేనేమనుకున్నాను, పోనీలే, తగ్గుతుంది, నేను చేసింది అందరి కోసమే కదా అనుకున్నాను. అందరి కోసం. అందరిలో ఒక్కళ్ళనైనా అడిగానా, "చెప్పనా?" అని. నాకు చేతితొడుగులు ఇచ్చిన మనిషి కనీసం అడిగాడు, "ఏమనుకోకండి" అన్నాడు.

ఇంకోటి తిన్నాను. కోపంతో తిన్నాను, ఎక్కడో ఒక్క పలుకు ఉండకపోతుందా అని నమిలాను, కరిగిపోయింది, ఎంత బాగా కరుగుతోందో అంత చికాకేసింది. కమదో దాటింది. మిజునామి దాటింది. నాలోపల ఒక లాయరు లేచి మాట్లాడటం మొదలెట్టాడు, వాడెప్పుడూ ఉంటాడు, నిజం చెప్పడం తప్పా అంటాడు, ఆ వేలు అలా అయింది ఎవరివల్ల, దాచిపెడితే ఎవరికి లాభం, హొరిబెకి, కుజుయాకి, కాదా అంటాడు. కరెక్టే. ఒక్కో మాటా కరెక్టే. కానీ ఆ వేలు నాది కాదు. నా నల్లవేళ్ళు నా ఇష్టం, పదీ చూపించుకుంటాను. దాని వేలు చూపించడానికి నేనెవర్ని. అద్దాల గదిలో వాళ్ళు నన్ను కూచోబెట్టారు, నేను మిత్సుయెని కూచోబెట్టాను, అదీ తను లేనప్పుడు. కిటికీలో తొకి ఊరి కుండలవాళ్ళ పొగగొట్టాలు, పెంకుల కప్పులు, ఎవరో మేడమీద పరుపు దులుపుతున్నారు, టపటపా, వినిపించదు గానీ కనిపిస్తోంది. ఈ పెట్టె తప్పు వైపు పోతోంది. తలొంచడానికే బయల్దేరాను, నల్లకోటు వేసుకుని, ఇస్త్రీ చేసుకుని, పద్ధతిగా, ఒక్కటే పొరపాటు, రైలు ఎక్కిన దిక్కు. ఆ మాట అనుకోగానే హాయిగా ఉండాలి, లేదు. ఎందుకంటే కుజుయా గారి ముందు వంగడం సులువు. పళ్ళు బిగబట్టి లోపల తిట్టుకుంటూ వంగొచ్చు. మిత్సుయె ముందు లోపల తిట్టుకోవడానికి ఏమీ లేదు.

"ఎవరి దగ్గరికమ్మా?" అంది ముసలావిడ, నోటి చుట్టూ రజను తుడుచుకుంటూ. "ఈ పెట్టె."

"తెలీడం లేదు మామ్మగారూ."

"తెలిసేదాకా ఇంకోటి ఇవ్వవే మరి."

ఇచ్చాను. పెట్టెలో రెండు మిగిలాయి. రెండున్న పెట్టె ఏ మేనేజరుకీ ఇవ్వలేం. దాంతో ఒక లెక్క తేలిపోయింది, నేను తేల్చకుండానే. తజిమి అని మైకులో వినపడింది, లేచాను, ముసలావిడకి వంగాను, ఆవిడ కూచునే వంగింది, తలుపు తెరుచుకుంది, దిగాను. రైల్లో ఫోను మాట్లాడకూడదు. నేను దిగింది దానికే, పారిపోవడానికి కాదు, ఇంకో ఇరవై నిమిషాల్లో ఇంకో రైలుంది, అదెక్కినా పదకొండింటికి నగోయాలో ఉంటాను. అలా చెప్పుకున్నాను. గాలి చల్లగా ఉంది ప్లాట్‌ఫాం మీద. రైలు వెళ్ళిపోయింది. మిత్సుయె నంబరు నొక్కాను, ఎత్తదనుకున్నాను, పది గంటలకి టీ విరామం, ఎత్తింది. వెనకాల అట్టలు మడుస్తున్న చప్పుడు.

"నేను" అన్నాను.

"నంబరు కనపడుతుంది."

"తజిమిలో ఉన్నా."

"నగోయాలో కదా ఉండాలి."

"దిగిపోయా. ఒసే మిత్సుయె, పెట్టె విప్పి తినేశాను. నాలుగు... రెండు నేను తిన్నా. రెండు ఎవరో ముసలావిడకి పెట్టా."

అవతల ఇంకో అట్ట మడిచింది. తర్వాత, "ఎలా ఉన్నాయి?"

"నునుపుగా ఉన్నాయి" అన్నాను. "ఒక్క పలుకు లేదు. వెతికాను. ముసలావిడ కూడా అడిగింది."

అట్టల చప్పుడు ఆగింది.

"నీ వేలు నేను చెప్పకూడదు. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావని అడగలేదు, అదీ నిజం. చప్పట్లు కొట్టారు, బాగుందనుకున్నా. నాది తప్పు. ఏ సాకూ లేదు" అన్నాను. అంటుంటే తెలిసింది, వంగి ఉన్నాను. ఫోను చెవికి పెట్టుకుని, నడుం దగ్గర్నించి, ఎవరూ లేని వైపుకి, పట్టాల వైపుకి. ఎప్పుడు వంగానో తెలీదు. నా బూట్లు కనిపిస్తున్నాయి, ప్లాట్‌ఫాం మీది పసుపు గీత కనిపిస్తోంది. ఎవరో కాలేజీ పిల్లలు పక్కనించి పోతూ కాస్త దూరం జరిగి పోయారు.

"మళ్ళీ ఒక్కదానివే వెళ్ళావు" అంది మిత్సుయె. "అక్కడ ఒక్కదానివే అరిచావు, ఇప్పుడు ఒక్కదానివే ఏడవడానికి పోతున్నావు. మేం పదకొండుమందిమి బొమ్మలమా? ఆ ఆర్డరు మాదీను. పోతే మాదీ పోతుంది, నిలబెట్టుకోవాలన్నా మేమూ ఉండాలి. హొరిబె గారు వెళ్ళమంటే తలూపావు, అదేదో పెద్ద త్యాగంలాగా. మమ్మల్నడిగావా?"

"లేదు."

"అదే నీ రోగం. వేలు కంటే అదే మండింది నాకు." ముక్కు చీదిన చప్పుడు. "ఈ కుర్చీలో కూచోలేక చస్తున్నానే. నడుం పట్టేసింది. సాయంత్రం ఆరుకి అందరం కొజుయె ఇంట్లో కూచుంటాం. కుజుయాకి ఏం చెప్పాలో, హొరిబెకి ఏం చెప్పాలో, నేను బల్ల దగ్గరికి ఎలా వెళ్ళాలో అప్పుడు చూద్దాం. నువ్వు నోరు మూసుకుని కూచో, అందరూ అయ్యాక మాట్లాడు."

"సరే."

"వంగావా?"

"ఆఁ."

"ఎంత?"

"బూట్లు కనపడుతున్నాయి."

"నేను చెప్పేదాకా లేవకు" అంది. ఫోను పెట్టలేదు. అట్టలు మడుస్తున్న చప్పుడు మళ్ళీ మొదలైంది, ఒకటి, ఇంకొకటి, తాపీగా. నడుం నొప్పి మొదలైంది, నెత్తురంతా మొహంలోకి దిగింది. నగోయా రైలొచ్చి ఆగింది, పసుపు గీత అవతల తలుపులు తెరుచుకున్నాయి, లోపలి వెచ్చని గాలి నా తల మీదుగా పోయింది, తలుపులు మూసుకున్నాయి, రైలు వెళ్ళిపోయింది. నేనింకా వంగే ఉన్నాను. మిత్సుయె ఇంకా చెప్పలేదు.